ఆఖరి ఇంటి బుగ్గ

మధ్యాహ్నం మూడింటికి సాంచాల మీద వేలాడే బుగ్గ తెల్లగా వెలుగుతుండటం చూసి యమునాబాయి గోడ గడియారం వైపు తిరిగింది.

ఏప్రిల్ నెల, సోమవారం. ఆ వేళకు ఆ బుగ్గ గుమ్మడిపండు రంగుకు తిరగాలి. నీలం నగర్‌లోని ఆ సందులో ఇరవై రెండు ఇళ్లు. ప్రతి ఇంట్లోనూ తువ్వాళ్లు నేసే సాంచాలు, కరెంటు మగ్గాలు. సందుకంతా కరెంటు పంచే డీపీ, ట్రాన్స్‌ఫార్మర్, సందు మొదట్లో ఉంది, యమునాబాయి ఇల్లు చివర్న. రెండు వరుసల సాంచాలూ తాగగా మిగిలిన కరెంటే ఆమె గడప తొక్కుతుంది. అందుకే ఆమె ఇంట్లో అరవై వాట్ల పాత తీగ బుగ్గ ఇంకా ఉంది. కోడలు ఆరతి ఎల్‌ఈడీ బుగ్గ కొనుక్కొస్తే దాన్ని వంటింట్లో పెట్టించింది.

"అది అబద్ధాల బుగ్గ. కరెంటు సచ్చిపోతున్నా తెల్లగనే నవ్వుతది" అంది.

పాత బుగ్గ అబద్ధమాడదు. పదకొండేళ్ల కిందట డీపీ కాలి, సందు మొత్తం తొమ్మిది రోజులు సాంచాలు ఆపుకుని కూర్చుంది. అప్పుడు పెద్దలు కూర్చుని వంతులు పెట్టారు. యమునాబాయి ఇంటి బుగ్గ గుమ్మడిపండు రంగుకు దిగగానే ఆమె ఒక వెదురు గడకు తువ్వాలు కట్టి కిటికీలోంచి బయటికి తోస్తుంది. ఎర్ర తువ్వాలు పడితే ఎడమ వరుస నడవాలి, కుడి వరుస ఆగాలి. తెల్ల తువ్వాలు పడితే కుడి వరుస నడవాలి. గంటకోసారి తువ్వాలు మారుతుంది. తువ్వాలు లేకపోతే అందరూ నడుపుకోవచ్చు. సందులో ఎవరి పెళ్లి ముహూర్తమైనా తప్పిందేమో గాని ఆ తువ్వాలు మాట తప్పలేదు.

అయితే ఒక్క సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. తువ్వాలు పడి, సగం సందు ఆగాక కూడా ఆ బుగ్గ పసుపు దగ్గరే నిలిచేది. తెలుపు దాకా ఎన్నడూ రాలేదు.

ఈ రోజు వచ్చింది. అంటే, ఎన్నడూ ఆగనిది ఏదో ఈ రోజు ఆగింది.

ఆమె సాంచా ఆపి, పోగును అటూ ఇటూ తీసుకెళ్లే నాడె చేతిలో పట్టుకునే బయటికొచ్చింది. సందులో చప్పుడు సగమే ఉంది. పక్కింటి సిద్ధరాములు గడప మీద కాళ్లు చాపుకుని చాయ తాగుతున్నాడు.

"ఏందన్నా, గీ యాళ కూసున్నవు?"

"సగం బంద్ పెట్టినం చెల్లె. మొదటింటి విష్ణు సేట్ చెప్పిండు, కరెంటోళ్ల కాగితం మీద ఎన్నున్నయో అన్నే నడపాలెనని, ఎక్కువ కనబడితే జుర్మానా అని. నీకు చెప్పలేదా?"

"నాకెవరు చెప్తరు?"

"నీయి రెండే కద. రెండూ కాగితం మీదున్నయి. నీకాడ దాచేటిదేముంది" అని సిద్ధరాములు నవ్వి గ్లాసు అడుగున మిగిలిన చాయ పారబోశాడు.

పొద్దున కరెంటు ఆఫీసు మనుషులు వచ్చి డీపీకి టిఫిన్ క్యారియరంత పెట్టె ఒకటి బిగించి పోయారు. పక్క గోడకు మరాఠీలో నోటీసు అంటించారు. ఆరతి దాన్ని ఫోనులో ఫోటో తీసుకొచ్చి చదివింది.

"రాష్ట్రంలో కొత్త చట్టం అయిందట అత్తమ్మా. పాత తీగలు, పాత డీపీలు మారుస్తరట. ఏ సందుకు ఎంత కరెంటు కావాలెనో ముందు ఆ పెట్టె కొలుస్తదట. మూడు రోజులు. బుధవారం నాలుగింటికి విప్పుకపోతరు."

"కొలిచేటప్పుడు సగం బంద్ పెడితే సగమే కనబడుతది కదా?"

ఆరతి ఫోను కిందికి దించి అత్త ముఖం చూసింది. ఆ ప్రశ్న ఆమెకూ అప్పుడే తట్టినట్టుంది.

సాయంత్రం యమునాబాయి కూరగాయల సంచీ పట్టుకుని సందు మొదటికి నడిచింది. విష్ణు షెడ్డు పక్కన కొంచెం ఆగి, వెనక గోడ మీద అరచెయ్యి ఆనించింది. ఏడేళ్లుగా ఆ గోడ పక్క నుంచి పోయినప్పుడల్లా అలా చెయ్యి పెట్టడం ఆమెకు అలవాటు. చెయ్యి పెడితే వేళ్లలోకి సన్నటి వణుకు ఎక్కేది. ఎర్ర తువ్వాలున్నా ఎక్కేది, తెల్ల తువ్వాలున్నా ఎక్కేది. విష్ణుది కుడి వరుసలో మొదటి ఇల్లు. కాగితం మీద అతనికి ఎనిమిది సాంచాలు. అవి ముందు షెడ్డులో ఉంటాయి. తువ్వాలు చూసి అందరితో పాటు ఆగుతాయి.

గోడ చల్లగా ఉంది. వణుకు లేదు.

ఇంటికొచ్చేసరికి కొడుకు వీరేష్ నూలు కండెల డబ్బా మీద కూర్చుని పడుగులో తెగిన పోగులు అతుకుతున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"పాతినుము కొనే భంగారోడు గురువారం వస్తనన్నడమ్మా. తూకం మీద తీసుకపోతడు."

"రెండూనా?"

"ఒకటి ఉంచుకుని ఏం చేస్తం? ఏడాదిల రెండు మోటర్లు కాలినయి. కుంభారిల మనకు సర్కారు ఇల్లొచ్చింది. తాళంచెవి తెచ్చుకునుడే."

"ఆ ఇంట్ల సాంచా పట్టదు."

"పట్టదు. అందుకే అమ్ముదామంటున్న."

యమునాబాయి అతని పక్కన కూర్చుని పడుగుకు ఇంకో వైపు నుంచి అతకడం మొదలుపెట్టింది. తెల్లటి బుగ్గ వెలుతురులో ఒక్కో పోగూ విడిగా కనబడుతోంది. ఆ వేళలో అంత స్పష్టంగా పోగులు కనబడి ఎన్నేళ్లయిందో.

"గురువారం దాకా ఆగు" అంది.

"ఆగుతనే ఉన్న కద" అన్నాడు వీరేష్.

*

మంగళవారం పదకొండింటికి స్కూటర్ మీద ఒక పిల్ల వచ్చి డీపీ దగ్గర ఆగింది. హెల్మెట్ తీసి, పెట్టెకు తీగ తగిలించి, ఫోనులో అంకెలు చూడసాగింది. మెడలో వేలాడే కార్డు మీద ఋతుజ అని ఉంది. కరెంటు ఆఫీసులో ఇంజనీరు.

యమునాబాయి చెంబుతో నీళ్లు తీసుకెళ్లి ఇచ్చింది. మరాఠీలోనే మాట కలిపింది.

"ఏం చెప్తోంది తల్లీ మీ పెట్టె?"

"మీ సందుకు పెద్ద అవసరం లేనట్టుంది మావశీ" అంది ఋతుజ నీళ్లు తాగి. "ఈ డీపీ బలం వంద. నిన్న ఎక్కువలో ఎక్కువ అరవై రెండు. ఎనభై దాటకపోతే ఈ సందుకు ఇదే చాలని రాసేస్తారు. మళ్లీ కొలత ఐదేళ్లకు."

"ఒక్క నిమిషం వంద దాటితే?"

"చాలదు. పెట్టె అరగంట సగటు తీస్తుంది. గంట కొట్టిన దగ్గర నుంచి అరగంట నిండా నడవాలి." ఋతుజ ఆమెను కాస్త పరీక్షగా చూసింది. "ఎందుకు?"

"కాగితం మీద లేని సాంచాలు కనబడితే జుర్మానా వేస్తారట కదా."

"ఈ సర్వేలో ఒప్పుకుని రాసిస్తే వెయ్యరు. ఎన్ని నడుస్తున్నాయో తెలియకుండా కొత్త తీగలు వేసి ఏం లాభం? చట్టంలోనే ఉంది. నోటీసు వెనక వైపు అచ్చు వేశారు."

"వెనక వైపు గోడకుంది తల్లీ. మీవాళ్లు జిగురు బాగా రాశారు."

ఋతుజ గోడ దాకా వెళ్లి నోటీసు అంచును గోటితో లాగి చూసింది. అది రాలేదు. ఆ పిల్ల స్కూటర్ డిక్కీలోంచి విడి నోటీసు ఒకటి తీసి యమునాబాయి చేతిలో పెట్టింది.

యమునాబాయి ఇంటికి పోలేదు. తిన్నగా విష్ణు షెడ్డులోకి నడిచింది.

విష్ణు ఆమె భర్తకు వరసకు తమ్ముడు. ముందు షెడ్డులో నాలుగు సాంచాలు నడుస్తున్నాయి, నాలుగు ఆగి ఉన్నాయి. కాగితం మీదున్న ఎనిమిదిలో కూడా సగమే. జాగ్రత్తపరుడు. అతను బల్ల వెనక కూర్చుని చొక్కా మీద పడిన దూది నూగును ఒక్కొక్కటిగా ఏరుకుంటున్నాడు.

"రా వదినె, కూసో. చాయ తెప్పిస్త."

"చాయ వద్దు. ఇది చదువు."

అతను నోటీసు తిప్పి చదివాడు. మడిచి తిరిగి ఇచ్చేశాడు.

"అచ్చేసినోడు ఒకడు, వచ్చి తాళమేసేటోడు ఒకడు వదినె. అశోక్ చౌక్ కాడ మా మామకు నోటీసొచ్చినప్పుడు నేను చూసిన. రెండేండ్లు ఆఫీసుల చుట్టూ తిరిగిండు. చెప్పులరిగినయి గాని పని కాలేదు."

"అది పాత కాయిదా. ఇది కొత్త చట్టం."

"మనుషులు పాతోళ్లే కద."

యమునాబాయి నోటీసును మళ్లీ బల్ల మీద పెట్టింది.

"కొత్త చొక్కా కుడుతమని దర్జీ ఇంటికొచ్చిండు. మనమందరం పొట్టలు లోపటికి గుంజుకుని కొలతలిస్తున్నం. రేపు గుండీలు పట్టకపోతే ఎవరినంటవు?"

విష్ణు నవ్వాడు. "పాత చొక్కా ఉన్నది కద, తొడుక్కుందాం."

"ఆ పాత చొక్కా నీకు సరిపోయింది విష్ణు. చిరిగింది నా కాడ. నీ వెనక షెడ్డుల ఏమున్నది?"

"సామాను."

"సామాను గోడను వణికిస్తదా? ఏడేండ్ల సంది ఆ గోడ మీద చెయ్యి పెడుతున్న. నిన్న ఒక్కనాడే సల్లగున్నది. నిన్న ఒక్కనాడే నా బుగ్గ తెల్లగయింది."

విష్ణు వేళ్లు నూగు మీద ఆగిపోయాయి. అతను ఆమె వైపు చూడలేదు.

"రేపు నాలుగింటి దాక ఓపిక పట్టు వదినె. పెట్టె పోతది. మళ్ల అంత మామూలే."

"అదే కద నా భయం" అని యమునాబాయి లేచింది.

వాకిట్లో, బోర్లించిన డబ్బా మీద మల్లప్ప కూర్చుని ఉన్నాడు. విష్ణు దగ్గర ఇరవయ్యేళ్లుగా నేస్తున్నాడు. నేసిన తువ్వాళ్ల లెక్కన కూలి కాబట్టి సాంచా ఆగితే అతని చెయ్యీ ఆగినట్టే.

"అక్కా, తువ్వాల ఎప్పుడేస్తవు? రెండు రోజుల సంది కండ్లు కాయలు కాసినయి. కూసోని కూసోని నడుం పట్టుకున్నది."

"బుగ్గ తెల్లగుంటే తువ్వాల ఎందుకేస్తం మల్లప్పా?"

"అదీ నిజమే" అన్నాడు మల్లప్ప. "కాని తువ్వాల పడితే మాత్రం నడపకుండ ఎవ్వడాపుతడు? సేట్ మాటకన్న ముందుదది."

యమునాబాయి నాలుగడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగి మల్లప్పను ఒకసారి చూసి, మళ్లీ నడిచింది.

*

బుధవారం మధ్యాహ్నం రెండూ యాభైకి ఆమె ట్రంకు పెట్టెలోంచి రెండు తువ్వాళ్లూ తీసింది.

వీరేష్ సాంచా నడుపుతూనే కనిపెట్టాడు. "ఏందమ్మా? బుగ్గ మంచిగనే ఉన్నది కద."

"నువ్వు రెండూ చాలూ చెయ్యి. కండెలు నింపి పెట్టు. మధ్యల ఆగొద్దు."

వెదురు గడ కొనకు ఎర్రది కట్టింది. దాని పక్కనే తెల్లది కట్టింది. ముడి రెండుసార్లు లాగి చూసింది. వీరేష్ రెండో సాంచా స్విచ్చు వేశాడు. ఆ రెండు తువ్వాళ్లూ ఒకే గడ మీద ఆ సందు ఎన్నడూ చూడలేదు.

గడ కిటికీలోంచి బయటికి పోయింది.

కాసేపు ఏమీ కాలేదు. తర్వాత ఎడమ వరుసలో ఎవరో కేక వేశారు. "ఎర్రది పడ్డది, మనదే." ఆ వెంటనే కుడి వైపు నుంచి ఇంకో గొంతు. "తెల్లది పడ్డది." ఒక సాంచా మొదలైంది. రెండు, ఐదు. ఇక లెక్క పెట్టడం కుదరలేదు. రెండు రోజులుగా చేతులు కట్టుకుని కూర్చున్న నేతగాళ్లు ఎవరి తువ్వాలు వాళ్లు చూసుకున్నారు. అలవాటైన చెయ్యి హ్యాండిల్ మీదికి దానంతట అదే పోయింది. పక్కింట్లో సిద్ధరాములు గొంతు వినబడింది. "ఆగుండ్రా, ఎవరు చెప్పిండ్రు?" ఆ మాట అతని సొంత సాంచాల చప్పుడులోనే మునిగిపోయింది.

గోడ గడియారం మూడు చూపించింది.

బుగ్గ పసుపైంది. రెండు నిమిషాల్లో గుమ్మడిపండైంది. మూడూ ఐదుకు ఒక్కసారిగా ఇంకో మెట్టు దిగి ఇటుక రంగుకొచ్చింది. యమునాబాయికి అర్థమైంది. విష్ణు ముందు షెడ్డు చప్పుడు విని వెనక షెడ్డువాళ్లూ మొదలుపెట్టారు.

ఆమె సాంచాలు రెండూ మూలుగుతున్నాయి. నాడె ఈ చివర నుంచి ఆ చివరకు పోవడానికి బద్ధకిస్తోంది. వీరేష్ ఒక సాంచా పక్కన, ఆమె ఒక సాంచా పక్కన నిలబడ్డారు. డీపీ ఫ్యూజు ఎగిరితే అంతా వృథా. డీపీ కాలితే మళ్లీ తొమ్మిది రోజులు. ఆ నింద ఇక జన్మంతా ఆమెదే. ఆరతి గడప దగ్గర నిలబడి గడియారాన్ని చూస్తోంది.

మూడూ పన్నెండుకు విష్ణు వచ్చాడు. ఎండలో పరుగెత్తినట్టున్నాడు, ముఖం కమిలిపోయింది.

"వదినె, తువ్వాల తియ్యి."

"నాకు చెయ్యి ఖాళీ లేదు. లోపటికొచ్చి నువ్వే తియ్యి."

గడ అందాలంటే సాంచాల మధ్య నుంచి కిటికీ దాకా రావాలి. విష్ణు చెప్పులు వదిలి లోపలికొచ్చాడు. రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఎండలోంచి వచ్చిన కళ్లకు ఏమీ కనబడలేదు. చేత్తో తడుముకుంటూ సాంచా చట్రం పట్టుకున్నాడు. అప్పుడు తల ఎత్తి బుగ్గను చూశాడు. ఆరిపోతున్న బొగ్గులా ఉంది.

"గిట్లుంటదా నీ కాడ?"

"తువ్వాలేసి వంతులు నడిచినప్పుడు కొంచెం నయం. పసుపు పచ్చగ ఉంటది."

విష్ణు కిందికి చూశాడు. సగం నేసిన తువ్వాలు మీద వీరేష్ వంగి, పోగు తెగిందో లేదో చూపుతో కాదు, వేలితో తెలుసుకుంటున్నాడు. విష్ణు ఇంటికీ డీపీకీ మధ్య ఒక్క గోడ. అతని ఇంట్లో ఏ బుగ్గా ఎప్పుడూ రంగు మారలేదు. తువ్వాలు పడ్డప్పుడు ఆగాలని మాత్రమే అతనికి తెలుసు. ఎందుకు పడుతుందో ఇక్కడికొచ్చి చూసే పని పడలేదు.

అతని చెయ్యి కిటికీ దాకా వెళ్లింది. గడను పట్టుకుంది. పట్టుకుని అలాగే ఉంది.

"ఇంక ఎంతసేపు?" అన్నాడు.

"మూడున్నర దాక" అంది ఆరతి గడప దగ్గర నుంచి.

విష్ణు గడ వదిలేసి కండెల డబ్బా మీద కూర్చున్నాడు.

మూడూ ఇరవై రెండుకు కాలిన వాసన మొదలైంది. వీరేష్ వంగి తన సాంచా మోటరు మీద చెయ్యి పెట్టి చప్పున తీసేశాడు.

"బంద్ చెయ్యి బిడ్డా, పోతది" అన్నాడు విష్ణు. "మీదొక్కటి ఆగితే ఏం ఫరక్ పడుతది?"

"సందు మొత్తం అదే అనుకున్నది మొన్నటి సంది" అంది యమునాబాయి. "నాది ఆగిందంటే సిద్ధరాములన్న ఆపుతడు. ఆయనది విని ఇంకొకడు."

వీరేష్ చెయ్యి స్విచ్చు మీద ఉంది. గురువారం తూకానికి పోవాల్సిన సాంచా అది. కాలితే కాలనీ అనుకునేవాడైతే ఆ ముఖం అలా ఉండదు. అతను తల్లిని చూశాడు. స్విచ్చు మీద నుంచి చెయ్యి తీసి, పక్కనున్న గోనె సంచీతో మోటరుకు గాలి విసరడం మొదలుపెట్టాడు. కాసేపటికి విష్ణు లేచి, ఇంకో వైపు నుంచి అట్టముక్కతో విసిరాడు.

మూడూ ఇరవై ఎనిమిదికి మోటరు ఒక్కసారి గుర్రుమని ఆగిపోయింది. పొగ కొంచెమే వచ్చింది. యమునాబాయి ముందున్న రెండో సాంచా నడుస్తూనే ఉంది. ఆమె దాని మీద నుంచి చూపు తిప్పలేదు. పక్కింట్లో చప్పుడు ఆగలేదు.

"మూడూ ముప్పై ఒకటి" అంది ఆరతి.

యమునాబాయి గడ లోపలికి లాగి రెండు తువ్వాళ్ల ముడులూ విప్పింది.

*

నాలుగింటికి ఋతుజ పెట్టె విప్పుతుంటే సందులో సగం మంది చుట్టూ చేరారు. ఆమె అంకె చూసి, ఫోనును ఎండకు చెయ్యి అడ్డం పెట్టి మళ్లీ చూసింది.

"మూడు నుంచి మూడున్నర. నూట పదిహేడు" అంది మరాఠీలో. "ఈ డీపీ ఎలా నిలబడింది?"

వెనక నుంచి విష్ణు ముందుకొచ్చాడు.

"మేడం, ఒప్పుకుని రాసిస్తే జుర్మానా లేదన్నది నిజమేనా?"

"శనివారం లోపల సంతకం పెడితే లేదు."

"ఆ కాగితం ఇవ్వండి." అతను స్కూటర్ సీటు మీదే పెట్టి రాశాడు. ఎనిమిది కొట్టేసి ఇరవై వేశాడు. కలం మూత పెట్టకుండా వెనక్కి అందించాడు. సిద్ధరాములు అందుకున్నాడు.

ఋతుజ మ్యాప్ తీసి, సందు చివర వేలు పెట్టి అడిగింది. "ఈ ఆఖరి ఇల్లెవరిది?" కొత్త డీపీ అక్కడికి రావాలని రాసుకుంది. ఆరు నెలలు పట్టొచ్చని, ఇంకా ఎక్కువే పట్టొచ్చని చెప్పింది.

"అంటే అప్పుడు ఆఖరిల్లు నాదా?" అన్నాడు విష్ణు.

"తువ్వాలలు నీకు తీసి పెడుతలే" అంది యమునాబాయి. మల్లప్ప ఒక్కడే పైకి నవ్వాడు.

గురువారం పొద్దున భంగారువాడు బండి మీద తూకం రాళ్లు పెట్టుకుని వచ్చాడు. వీరేష్ ఇంట్లో లేడు. కాలిన మోటరును స్కూటర్ మీద కాళ్ల దగ్గర పెట్టుకుని, తీగ చుట్టించడానికి అశోక్ చౌక్ పోయాడు. భంగారువాడు చాయ తాగి వెళ్లిపోయాడు.

మరుసటి సోమవారం మధ్యాహ్నం మూడింటికి బుగ్గ మామూలుగానే గుమ్మడిపండు రంగుకు దిగింది. యమునాబాయి గడకు ఎర్ర తువ్వాలు కట్టి బయటికి తోసింది. కుడి వరుస ఒక్కో ఇల్లే ఆగింది. బుగ్గ పసుపు దాకా వచ్చి నిలిచింది.

ఆమె అలవాటు చొప్పున పని వైపు తిరగబోయింది. తిరగలేదు. బుగ్గను చూస్తూ నిలబడింది.

సందు మొదట్లో, విష్ణు వెనక షెడ్డు సాంచాలు ఆపి తలుపు వేసిన చప్పుడు అంత దూరం వినబడదు. కాని బుగ్గ ఒక్కసారి మినుకుమంది. నెమ్మదిగా తెల్లబడింది.

"ఏందమ్మా, అట్ల నిలబడ్డవు?" అన్నాడు వీరేష్ కొత్త తీగ చుట్టిన మోటరు బిగిస్తూ.

"ఏం లేదు" అంది యమునాబాయి. "పోగు తెగింది చూడు అక్కడ. ఇక్కడికి కనబడుతున్నది."